ఇల్లు వేలంలో పోయింది, ఇంకా పన్నెండు లక్షలు కట్టాలంటున్నారు

ప్రొద్దుటూరు అబ్బాయి
18 మార్చి 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉన్న మనవాళ్లలో ఎవరికైనా ఇలాంటిది జరిగి ఉంటే దయచేసి చెప్పండి. రెండు రోజులుగా నిద్ర లేదు.

2018లో వర్తూరు దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాటు కొన్నాం. 71 లక్షలు. అందులో 56 లక్షలు ఒక ప్రైవేటు బ్యాంకు లోను. నా పేరూ మా ఆవిడ పేరూ కలిపి తీసుకున్నాం. ఈఎంఐ 49 వేలు. ఐదేళ్లు ఒక్క నెల తప్పలేదు. 2023 జూన్‌లో నా ఉద్యోగం పోయింది. పదకొండు నెలలు ఖాళీగా ఉన్నాను. మా ఆవిడ స్కూల్లో టీచరు, ఆ జీతం ఇంటి ఖర్చుకే సరిపోయేది. ఉన్న బంగారం తాకట్టు పెట్టి మూడు నెలలు లాగాం. ఆ తర్వాత మా వల్ల కాలేదు.

2024 ఫిబ్రవరిలో 52 లక్షల 60 వేలు కట్టమని అరవై రోజుల నోటీసు వచ్చింది. మేలో గుమ్మం మీద ఇంకో నోటీసు అంటించి వెళ్లారు. సెప్టెంబరులో కోర్టు పంపిన కమిషనర్ వచ్చి ఇల్లు స్వాధీనం చేసుకున్నారు. మా పాప స్కూలు నుంచి వచ్చేసరికి సామానంతా లిఫ్టు ముందు ఉంది. వేలానికి రెండుసార్లు ఎవరూ రాలేదు. ఈ జనవరిలో మూడోసారి 47 లక్షల 10 వేలకు పోయింది.

పోతే పోయింది, అప్పు తీరిందిలే అనుకున్నాను. నాకు ఇప్పుడు చిన్న ఉద్యోగం దొరికింది, కేఆర్ పురంలో అద్దెకు ఉంటున్నాం. మొన్న లెటర్ వచ్చింది. వేలం సొమ్ము సర్దుబాటు చేశాక ఇంకా 12 లక్షల 64 వేలు బాకీ ఉన్నామట. పదిహేను రోజుల్లో కట్టకపోతే కేసు వేస్తారట. ఇల్లు తీసుకున్నాక కూడా అప్పు ఉంటుందా? ఊళ్లో నాన్న ఇల్లు ఉంది, దాని మీదకు వస్తారా? మా ఆవిడ జీతం ఆపేస్తారా?

—

నెల్లూరు చిన్నమ్మ
19 మార్చి, ఉదయం 6:15

బాబూ, ముందు వేళకు తిండి తినండి. మీ ఆవిడకు ఈ లెటర్ చూపించారా లేదా? చూపించకపోతే ఇవాళే చూపించండి. తన పేరు కూడా ఉంది కాబట్టి దాచడం మంచిది కాదు.

—

మళ్లీ బెంగళూరు
19 మార్చి, ఉదయం 8:02

నేను 2008-09 సమయంలో కాలిఫోర్నియాలో ఉన్నాను. ఇళ్ల ధరలు సగానికి పడిపోయిన రోజులు. మా వీధిలోనే నలుగురు బ్యాంకుకు తాళాలు అప్పగించి వెళ్లిపోయారు. తాము ఉండటానికి కొనుక్కున్న ఇంటి లోను అయితే, ఇల్లు అమ్మాక మిగిలిన బాకీ కోసం బ్యాంకు వాళ్ల వెంట పడకూడదని అక్కడి చట్టం. ఇక్కడ కూడా అంతే అయి ఉండాలి. ఇల్లే కదా తాకట్టు, ఇల్లు తీసుకున్నారు, లెక్క సరిపోయింది. ఆ లెటర్ పట్టించుకోకండి.

—

హిందూపురం వకీలు
19 మార్చి, ఉదయం 9:30

పైన ఇచ్చిన సలహా పాటించకండి. ఇందులో స్పష్టంగా ఉండాలి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మన దేశంలో హోమ్ లోనుకు ఇల్లు హామీ మాత్రమే. లోను పత్రాల మీద సంతకం పెట్టినప్పుడు మొత్తం తీరుస్తానని మీరు స్వయంగా మాట ఇచ్చారు. ఇల్లు అమ్మితే ఆ మాటలో కొంత భాగం తీరుతుంది, మిగతాది మిగిలే ఉంటుంది. బ్యాంకు మీ మీద వాడింది 2002 నాటి సర్ఫేసీ చట్టం. అందులో 13వ సెక్షను 10వ ఉపసెక్షను సరిగ్గా మీ పరిస్థితి గురించే. అమ్మిన సొమ్ముతో బాకీ పూర్తిగా తీరకపోతే, మిగిలినదాని కోసం రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, అంటే డీఆర్‌టీకి గానీ, తగిన కోర్టుకు గానీ బ్యాంకు వెళ్లవచ్చు.

అక్కడ 'వెళ్లవచ్చు' అన్న మాట చూడండి. ఇల్లు తీసుకోవడానికి బ్యాంకుకు కోర్టు తీర్పు అక్కర్లేకపోయింది, నోటీసులు ఇచ్చి, స్వాధీనానికి మాత్రం కోర్టు కమిషనర్ సాయం తీసుకుంటే పని జరిగింది. మిగిలిన బాకీకి అలా కుదరదు. కేసు వేయాలి, లెక్క రుజువు చేయాలి, మీ జవాబు విన్నాక తీర్పు రావాలి. మీకు వచ్చిన లెటర్ ఒక డిమాండు మాత్రమే. దాన్ని చూసి మీ జీతాన్నీ నాన్నగారి ఇంటినీ ఎవరూ తాకలేరు.

ఇంకొకటి. డీఆర్‌టీకి వెళ్లాలంటే బాకీ 20 లక్షలు ఉండాలి. 2018లో ఈ పరిమితి 10 నుంచి 20 లక్షలకు పెరిగింది. మీది 12 లక్షలు కాబట్టి మామూలుగా సివిల్ కోర్టుకే వస్తారు.

—

మళ్లీ బెంగళూరు
19 మార్చి, ఉదయం 10:11

వకీలు గారూ, సరిదిద్దినందుకు థాంక్స్. తొందరపడి రాశాను. ఆలోచిస్తే అమెరికాలో కూడా అన్ని రాష్ట్రాలూ ఒకలా లేవు. మా కజిన్ టెక్సస్‌లో ఉండేవాడు. అక్కడ వేలమైన రెండేళ్లలోపు మిగులు బాకీకి బ్యాంకు దావా వేయవచ్చు. కాకపోతే వేలంలో వచ్చిన ధర కాకుండా ఆ రోజు ఇంటి అసలు మార్కెట్ విలువ ఎంతో తేల్చమని కోర్టును అడిగే హక్కు అప్పు తీసుకున్నవాడికి ఉంది. విలువ ఎక్కువని తేలితే బాకీ అంత తగ్గుతుంది. మనకు అలాంటిది ఉందా?

—

హిందూపురం వకీలు
19 మార్చి, మధ్యాహ్నం 1:20

ఆ రూపంలో లేదు. మన దగ్గర రక్షణంతా వేలానికి ముందే ఉంది. ఆమోదం పొందిన వాల్యూయరుతో విలువ కట్టించాలి, దాన్ని బట్టి రిజర్వు ధర, అంటే వేలంలో కనీస ధర పెట్టాలి, మొదటి అమ్మకానికి ముప్పై రోజుల ముందు మీకు నోటీసు ఇవ్వాలి. అది విఫలమై మళ్లీ వేలం పెడితే పదిహేను రోజులు. ప్రకటన రెండు ప్రముఖ పత్రికల్లో రావాలి, వాటిలో ఒకటి స్థానిక భాషది. ఇందులో ఏది తప్పినా డీఆర్‌టీలో సవాలు చేయవచ్చు, కానీ చర్య జరిగిన 45 రోజుల్లోపు. ఆ గడువు దాటింది కాబట్టి అమ్మకాన్ని కదిలించడం కష్టం. లెక్కను మాత్రం ప్రశ్నించవచ్చు, ఆ తలుపు మూసుకుపోలేదు.

ప్రొద్దుటూరు తమ్ముడూ, ఒక ప్రశ్న. నాన్నగారి ఇల్లు స్వార్జితమా, పిత్రార్జితమా?

—

ప్రొద్దుటూరు అబ్బాయి
19 మార్చి, మధ్యాహ్నం 2:05

స్థలం నాన్న 1994లో తన డబ్బుతో కొన్నారు. ఇల్లు కూడా ఆయనే కట్టించారు. లోనులో ఆయన సంతకం ఎక్కడా లేదు. వేలం ప్రకటన కన్నడ పేపర్లో వచ్చిందట, పక్కింటి అంకుల్ ఫోటో పంపితే తెలిసింది. మూడోసారికి నోటీసు వచ్చినట్టు నాకు గుర్తు లేదు, అప్పటికే ఇల్లు మారాం.

నెల్లూరు అమ్మా, మా ఆవిడకు రాత్రే చెప్పాను. ఏడ్చింది. పొద్దున్న టిఫిన్ పెట్టి, పాత ఫైలు తీసి నా ముందు పెట్టింది.

—

హిందూపురం వకీలు
19 మార్చి, సాయంత్రం 4:40

స్వార్జితం అయితే నాన్నగారు ఉన్నంతకాలం ఆ ఇల్లు ఆయనదే, మీ బాకీకి దాన్ని తాకలేరు. పిత్రార్జితమై ఉంటే మీ వాటా వరకు జప్తు అడిగే వీలుండేది, అందుకే అడిగాను. ఒక హెచ్చరిక. ఈ లెటర్ వచ్చాక మీ పేరున ఉన్నది ఏదైనా హడావుడిగా చెల్లెలి పేరునో, తల్లి పేరునో రాయకండి. అప్పులవాళ్లకు దొరక్కుండా చేసిన బదిలీ అని కోర్టు దాన్ని కొట్టేయగలదు, పైగా మీ మీద నమ్మకం పోతుంది.

జీతం సంగతి. తీర్పు వచ్చాక కూడా జీతం మొత్తం తీసుకోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. ఒకే తీర్పు కింద జీతం జప్తు మొత్తం 24 నెలలు నడిచాక ఇక ఆ తీర్పు కింద పట్టుకోలేరు. పీఎఫ్, గ్రాట్యుటీ, పెన్షన్ తాకలేరు. వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగ, అంటే తాళి, వీటిని కూడా అదే సెక్షను వదిలేయమంది.

మీ ఆవిడ కో-బారోయర్ కాబట్టి సగం బాధ్యతే అని అనుకోకండి. ఇద్దరిలో ఎవరినైనా మొత్తానికి అడగవచ్చు. కానీ ఆవిడకు ఒక మంచి వీలుంది. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెడితే లాయరును ఇస్తారు.

—

మారతహళ్లి బావ
19 మార్చి, రాత్రి 9:18

నేను లోను తీసుకోలేదు. స్నేహితుడి లోనుకు గ్యారంటీ సంతకం పెట్టాను, అంతే. వాడు ఊరు వదిలి వెళ్లాడు. ఫ్లాటు వేలమయ్యాక మిగిలిన బాకీకి నాకు నోటీసు వచ్చింది. ముందు వాణ్ని పట్టుకోండి, దొరకకపోతే నా దగ్గరకు రండి అని బ్యాంకులో వాదించాను. అలా ఉండదట. గ్యారంటీ ఇచ్చినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమట, ఎవరిని ముందు అడగాలన్నది బ్యాంకు ఇష్టమట. ఆ సంతకానికి నాకు పట్టింది రెండు నిమిషాలు, నాలుగేళ్లుగా తీరుస్తున్నాను. గ్యారంటీ ఇవ్వబోతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కాస్త ఆగండి.

—

పాత లెడ్జర్
20 మార్చి, ఉదయం 7:45

ముప్పై ఒక్క ఏళ్లు ఒక ప్రభుత్వ బ్యాంకులో చేసి, రిటైరై జయనగర్‌లో ఉంటున్నాను. చివరి ఆరేళ్లు వసూళ్ల విభాగంలోనే. కాబట్టి బల్లకు అవతలి వైపు సంగతి చెబుతాను.

71 లక్షల ఫ్లాటు 47కు ఎందుకు పోయిందని మీరు కుమిలిపోతుంటారు. వేలంలో కొనేవాడికి 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న షరతు ఉంటుంది. అసోసియేషన్ మెయింటెనెన్స్ బాకీలు, కరెంటు బాకీ, ఖాతా మార్పిడి తలనొప్పి అన్నీ అతనివే. గెలిచిన రోజు లేదా మర్నాటి పనిదినంలోగా పావు వంతు కట్టాలి, మిగతాది మామూలుగా పదిహేను రోజుల్లో. లోను పెట్టుకుని కొనే మధ్యతరగతి మనిషి అంత వేగంగా సొమ్ము తేలేడు. అందుకే చేతిలో డబ్బున్న కొద్దిమందే వస్తారు, వాళ్లు రెండు విఫలమయ్యేదాకా కాచుకుని ఉంటారు. ప్రతిసారీ బ్యాంకు రిజర్వు ధర తగ్గిస్తుంది. ఇక ఆ ఇల్లు బీ ఖాతా, అంటే అనుమతులు సరిగ్గా లేని ఆస్తుల లెక్కలో ఉన్నది అయితే ధర ఇంకా దిగుతుంది.

అందుకే నా దగ్గరకు వచ్చినవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని: నోటీసు వచ్చిన అరవై రోజుల్లో మీరే కొనేవాణ్ని తీసుకురండి, మేం ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న లెటర్ ఇస్తాం. మీ ఫ్లాటు బయట 60 లక్షలకు పోయినా బాకీ తీరి చేతిలో ఏడు లక్షలు మిగిలేవి. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, ఇదే దారిలో ఉన్న ఇంకెవరైనా చదువుతారని రాస్తున్నాను. వేలం ప్రకటన వచ్చేలోపే మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉంటుంది. 2016 సవరణ తర్వాత ఆ గీత దాటితే హక్కు పోయినట్టే. 2023లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. బ్యాంకుకు రాతపూర్వకంగా లోను ఖాతా మొత్తం స్టేట్‌మెంటు అడగండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, పీనల్, అంటే ఆలస్యానికి వేసిన జరిమానా ఎంత, ఖర్చులు దేనికెంత, వేలం సొమ్ము ఏ తేదీన జమ చేశారు. వాల్యుయేషన్ రిపోర్టు కాపీ కూడా. అది వచ్చేదాకా ఒక్క రూపాయి కట్టకండి, దేని మీదా సంతకం పెట్టకండి.

—

వైట్‌ఫీల్డ్ సుధ
20 మార్చి, ఉదయం 9:10

సార్, ఎందుకు కట్టకూడదు? మంచి మనసు చూపించడానికి ఐదు వేలు కట్టమని బ్యాంకు ఏజెంటు ఇలాంటి బాకీలోనే ఉన్న మా తమ్ముడికి చెప్పాడు.

—

హిందూపురం వకీలు
20 మార్చి, ఉదయం 9:55

అక్కా, బాకీ కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు. ఆ గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొంత సొమ్ము కట్టి దానికి మీ చేతిరాత రుజువు ఉన్నా అంతే. లెక్క తెలియకుండా 12 లక్షల 64 వేలు బాకీ అని ఒప్పుకున్నాక, తర్వాత తప్పుందని వాదించడం కూడా కష్టం. కట్టొద్దని నేను అనడం లేదు. లెక్క తేలాక, సెటిల్‌మెంట్ లెటర్ చేతిలో పెట్టుకుని కట్టండి.

—

ప్రొద్దుటూరు అబ్బాయి
21 మార్చి, రాత్రి 8:30

ఇవాళ సాయంత్రం ఏడున్నరకు ఇద్దరు వచ్చారు. వసూళ్ల ఏజెన్సీ అన్నారు. ఇంటి ఓనరు ఎదుటే వాళ్లు గట్టిగా మాట్లాడారు. ఆయన కన్నడిగుడు, మంచివాడు, వాళ్లను గేటు దగ్గరే ఆపేశాడు. ఒక కాగితం మీద సంతకం అడిగారు, పెట్టలేదు. పాప భయపడిపోయింది. జైలుకు పంపుతాం అన్నారు. నిజంగా పంపగలరా?

—

హిందూపురం వకీలు
21 మార్చి, రాత్రి 9:02

ముందు పాప దగ్గర కూర్చోండి, ఇది తర్వాత చదవండి.

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. తీర్పు వచ్చాక, డబ్బుండీ దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలితే సివిల్ జైలు అనేది చట్టంలో ఉంది. కానీ పేదరికం వల్ల కట్టలేని మనిషిని అలా పెట్టకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ మీద తీర్పు సంగతి అటుంచి, కేసే లేదు.

సాయంత్రం ఏడు తర్వాత, ఉదయం ఎనిమిదికి ముందు వసూలు కోసం ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. బెదిరించడం, పదిమందిలో అవమానించడం, ఇంట్లోవాళ్లను భయపెట్టడం కూడా నిషేధమే. తేదీ, సమయం, ఏమన్నారు, ఎవరు విన్నారు, అన్నీ ఈ రాత్రే రాసిపెట్టండి. రేపు బ్యాంకు ఫిర్యాదుల అధికారికి మెయిల్ చేయండి. ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

—

నిర్వాహకులు
21 మార్చి, రాత్రి 10:20

రెండు పోస్టుల్లోంచి బ్యాంకు పేరు, ఏజెంటు ఫోన్ నంబరు తీసేశాం. చర్చ కొనసాగించండి. దయచేసి ఎవరి వివరాలూ పెట్టకండి.

—

కడప రోడ్డు
22 మార్చి, ఉదయం 11:00

అన్నా, ఇదంతా ఎందుకు, ఐపీ పెట్టేస్తే పోలా? మా ఊళ్లో ఎంతమంది పెట్టలేదు.

—

హిందూపురం వకీలు
22 మార్చి, మధ్యాహ్నం 12:15

మన ఊళ్లలో ఐపీ అనేది 1920 నాటి దివాలా చట్టం కింద పెట్టేది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, అందులో మామూలు వ్యక్తుల భాగాన్ని కంపెనీలకు గ్యారంటీ ఇచ్చినవాళ్లకు తప్ప ఇంకా అమల్లోకి తేలేదు. పాత దారిలో వెళ్తే ఆస్తులన్నీ కోర్టు చేతిలో పెట్టాలి, ఏళ్లు పడుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి 12 లక్షల కోసం వేయాల్సిన అడుగు కాదది. మాట్లాడుకుంటే ఇంతకంటే త్వరగా, తక్కువలో తేలుతుంది.

—

హోస్కోటె నుంచి
22 మార్చి, సాయంత్రం 5:48

మాట్లాడుకుంటే తేలుతుందన్నది నిజం. నాకు 2021లో ఇలాగే ఇల్లు పోయింది. 9 లక్షల 20 వేలు మిగిలాయన్నారు. ఏడాదిన్నర ఫోన్లు ఎత్తలేదు, అది నేను చేసిన పెద్ద తప్పు. అప్పు ఒక ఏఆర్‌సీకి అమ్మేశారు, అంటే మొండి బాకీలు కొనే కంపెనీ. అక్కడి నుంచి కొత్త మనుషులు, కొత్త లెక్కలు. చివరికి లోక్ అదాలత్‌లో 3 లక్షల 80 వేలకు ఒప్పందం కుదిరింది. అక్కడ కుదిరినది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆ రోజు కోర్టు మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

మీ అప్పు ఇంకా బ్యాంకు దగ్గరే ఉందా, ఎవరికైనా అమ్మారా అన్నది ముందు కనుక్కోండి. అమ్మితే బదిలీ లెటర్ అడగండి. ఏజెంటు సొంత ఖాతాకు ఒక్క రూపాయి వేయకండి.

—

మారతహళ్లి బావ
22 మార్చి, రాత్రి 7:30

సెటిల్‌మెంట్ అయితే సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుంది అన్నా. పూర్తిగా కడితే 'క్లోజ్డ్' అని వస్తుంది. చిన్న వయసు, రేపు మళ్లీ ఇల్లు కొనాలనుకోరా? ఎలాగోలా మొత్తం కట్టేయడమే మేలని నా అభిప్రాయం.

—

పాత లెడ్జర్
22 మార్చి, రాత్రి 8:50

మీ మాటలో న్యాయం ఉంది బావగారూ, కానీ ఇతని విషయంలో నేను ఒప్పుకోను. ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయి, ఇల్లు వేలమైన ఖాతా అది. ఆ మచ్చ ఇప్పటికే పడింది. సగానికి రాజీ కుదిరేచోట ఇంకో ఆరు లక్షలు అప్పు చేసి 'క్లోజ్డ్' అనిపించుకున్నంత మాత్రాన రేపే ఎవరూ హోమ్ లోను ఇవ్వరు. రాజీ చేసుకున్నవాళ్లకు అదే బ్యాంకు కనీసం ఏడాది దాకా కొత్త అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023లో పెట్టింది, అంతకు మించి వ్యవధి ఆ బ్యాంకు ఇష్టం. ఆ ఆరు లక్షలు పాప చదువుకు ఉండనివ్వండి.

అలాగని రాజీ మన హక్కు కాదు. ఓటీఎస్, అంటే ఒకేసారి తేల్చుకునే రాజీ ఇవ్వమని బ్యాంకును కోర్టు బలవంతం చేయదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కాబట్టి వెళ్లేటప్పుడు కాగితాలతో వెళ్లండి. ఉద్యోగం పోయిన లెటర్, ఇప్పటి జీతం స్లిప్పులు, అద్దె ఒప్పందం, పాప ఫీజు రసీదు. ఇంత తేగలను, ఇన్ని నెలల్లో తేగలను అని ఒక అంకె చెప్పండి. బ్రాంచిలో కాదు, వసూళ్ల విభాగం పెద్దవాళ్లతో. జీవితంలో ఒకసారి కిందపడ్డ మనిషికీ, ఎగ్గొట్టేవాడికీ తేడా మాకు కాగితం చూస్తేనే తెలిసేది.

—

జయమహల్ కోడలు
24 మార్చి, మధ్యాహ్నం 3:33

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా మామగారి పేరున లోను, ఆయన పోయారు, ఇల్లు వేలమైంది. మిగులు బాకీ మా వారు కట్టాలా? మా వారు ఎక్కడా సంతకం పెట్టలేదు.

—

హిందూపురం వకీలు
24 మార్చి, సాయంత్రం 6:05

మామగారి నుంచి మీ వారికి వచ్చిన ఆస్తి ఎంత ఉందో అంతవరకే బాధ్యత అమ్మా. ఏమీ రాకపోతే సొంత సంపాదన నుంచి కట్టనక్కర్లేదు. లోనుతో పాటు ఇన్సూరెన్స్ పాలసీ కట్టించారేమో ఒకసారి వెతకండి. చాలామంది ఆ ప్రీమియం లోనులోనే కలిపేశారని కూడా మర్చిపోతారు.

—

పాత ఆడిటరు
25 మార్చి, ఉదయం 8:20

ఎవరూ చెప్పని ఒక సంగతి. వేలం కూడా అమ్మకమే, కాబట్టి క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మకం లాభం మీద పన్ను లెక్క అప్పు తీసుకున్నవాడికే వస్తుంది, సొమ్మంతా బ్యాంకుకు పోయినా సరే. తానే పెట్టిన తాకట్టు తీర్చిన సొమ్మును అందులోంచి మినహాయించుకోలేరని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రొద్దుటూరు గారికి నష్టమే కాబట్టి పన్ను లేదు. కానీ 2006లో 24 లక్షలకు కొన్న ఇల్లు వ్యాపారం లోను కింద 90 లక్షలకు పోయిన మనిషి నా దగ్గరకు వచ్చాడు. ఇల్లు పోయి, బాకీ మిగిలి, పైన పన్ను నోటీసు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొన్నవాళ్లు ధరలోంచి ఒక శాతం పన్ను కోసి టీడీఎస్‌గా కడతారు, అది మీ ఆదాయపన్ను స్టేట్‌మెంటులో కనిపిస్తుంది, చూసుకోండి.

—

ప్రొద్దుటూరు అబ్బాయి
29 ఏప్రిల్, రాత్రి 10:45

స్టేట్‌మెంట్ వచ్చింది. మూడు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. లెక్క ఇలా ఉంది: నోటీసు నాటి బాకీ 52.60 లక్షలు, వేలం దాకా వడ్డీ 4.62, పీనల్ ఇంట్రస్ట్ 1.18, ఖర్చులు 1.14. మొత్తం 59.54 లక్షలు. అందులోంచి 47.10 పోగా 12.44, దాని మీద ఇప్పటివరకు వడ్డీ 20 వేలు. ఖర్చుల్లో 62 వేలు సెక్యూరిటీ గార్డుకట. పాత ఇరుగుపొరుగును అడిగాను, ఆ నాలుగు నెలల్లో ఎవరూ ఏ గార్డునూ చూడలేదన్నారు.

—

పాత లెడ్జర్
30 ఏప్రిల్, ఉదయం 6:50

పీనల్ దగ్గర ఆగండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది: జరిమానా వడ్డీ రూపంలో వేయకూడదు, వేరే చార్జీగానే వేయాలి, దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ కట్టకూడదు. పాత లోన్లు కూడా 2024 జూన్ 30 లోగా ఈ పద్ధతిలోకి మారాలి. మీ స్టేట్‌మెంట్‌లో జూలై నుంచి జనవరి దాకా పీనల్ ఇంట్రస్ట్ అని ఉంటే అది రాతలో అడగండి. గార్డు ఖర్చుకు ఏజెన్సీ బిల్లు, హాజరు పట్టీ కాపీలు అడగండి. కోపంగా రాయకండి, అంకెలు మాత్రమే రాయండి.

—

ప్రొద్దుటూరు అబ్బాయి
12 జూలై 2025, సాయంత్రం 6:20

చాలా రోజులకు వస్తున్నాను. పీనల్‌లో 74 వేలు, గార్డు ఖర్చు 62 వేలు తీసేశారు. బిల్లులు చూపించలేకపోయారు. ఆ తర్వాత మా ఆవిడా నేనూ కలిసి వెళ్లాం. మేనేజరు మొదట 9 లక్షలన్నారు. మా ఆవిడ పాప ఫీజు రసీదు, తన జీతం స్లిప్పు ముందు పెట్టి, 'మేం ఎక్కడికీ పారిపోవడం లేదు సార్, మేం నిజంగా కట్టగలిగింది ఇంతే' అంది. మూడోసారి వెళ్లినప్పుడు 5 లక్షల 75 వేలకు ఒప్పుకున్నారు, ఆరు నెలల్లో. నిన్న లెటర్ వచ్చింది. మొదటి వాయిదా 95 వేలు ఇవాళ లోను ఖాతాకే నెఫ్ట్‌లో కట్టాను. రసీదు తీసుకున్నాను.

వకీలు గారూ, చివర్లో ఇక బాకీ లేదని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్‌లో మా ఆవిడ పేరు కూడా ఉండాలా? లెటర్‌లో నా పేరే ఉంది.

—

హిందూపురం వకీలు
12 జూలై, రాత్రి 8:15

ఉండాలి. సోమవారమే మెయిల్ పెట్టి సెటిల్‌మెంట్ లెటర్‌ను ఇద్దరి పేరునా మార్పించుకోండి. లోను ఖాతా నంబరు, మొత్తం బాకీకి ఇది పూర్తి పరిష్కారం అన్న మాట, 13(10) కింద గానీ మరే విధంగా గానీ ఇక వసూలు చర్య ఉండదన్న వాక్యం అందులో ఉండాలి. ఏదైనా వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే ఒప్పందం రద్దవుతుందని రాసి ఉందేమో చూడండి. ఉంటే ఏడు రోజుల వెసులుబాటు అడగండి. రెండో వాయిదా ఆ మార్పు చేతికి వచ్చాక కట్టండి, గడువు ఆగస్టు పది అయితే ఇంకా సమయం ఉంది.